శక్తిమాన్ ముందు కెమెరా: పాత మిలటరీ బండ్లను ఫొటో తీయడం, ఆ ఫొటోకు మూడ్ తేవడం

శామీర్‌పేట దాటాక ఒక మామిడితోటలో పాత శక్తిమాన్ లారీ ఉంది. నాన్న స్నేహితుడు, నేను మామయ్య అని పిలిచే ఆయన, ఆర్మీ వాడి పక్కనపెట్టిన బండ్లను అమ్మే డిస్పోజల్‌లో కొన్నారు. ఎక్కి కూర్చుంటే ముందు కనిపించేది స్టీరింగ్. కుడిచెయ్యి పట్టే చోట నలుపు మొత్తం పోయి లోపలి బూడిద రంగు బయటపడింది. ఎడమవైపు అంత అరగలేదు. ఎందుకని నాన్నను అడిగాను. "ఘాట్ రోడ్డులో ఎడమచెయ్యి గేర్ రాడ్ వదలదు కదమ్మా" అన్నారు. ఆయన సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ బూడిద రంగు మరకే నేను తీసిన మొదటి మంచి మిలటరీ ఫొటో. అంతకుముందు తీసినవన్నీ లారీ బొమ్మలు, అంతే.

నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని, మాది సికింద్రాబాద్. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా మాకు పని ఉండదు. ఆ రోజుల్లో నేను పాత మిలటరీ బండ్ల వెంట పడతాను. ఆషాఢం మబ్బులు ఈ బండ్లకు ఎంత బాగా సరిపోతాయో కింద చెప్తాను. ముందు వేరే సంగతి.

కెమెరా తీసేముందు బండిని చదవండి

బండి ఏ కాలానిదో తెలియకుండా దానికి మూడ్ పెట్టలేరు. ఆర్మీ నంబరు ప్లేటు మీద పైకి చూస్తున్న బాణం గుర్తు ఉంటుంది. దాని పక్కన ఉండే రెండు అంకెలు బండి ఆర్మీకి వచ్చిన సంవత్సరం. 83 అని ఉంటే 1983. డిస్పోజల్‌లో అమ్మేశాక ఈ ప్లేటు ఉండదు గానీ, బంపర్ మీద పాత పెయింటు పొరల కింద ఆ బాణం నీడలా కనిపించడం నేను రెండుసార్లు చూశాను. టార్చి పక్కనుంచి కొట్టండి, ఎత్తుపల్లాలు బయటపడతాయి. ముందు భాగంలో పసుపు గుండ్రం మీద ఒక అంకె ఉంటే, అది వంతెన మీద బరువు లెక్క కోసం రాసింది. ఆ పసుపు మొత్తం ఫ్రేములో కంటిని లాగే ఒకే ఒక్క రంగు కావచ్చు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించి ఫ్రేము కట్టండి.

శక్తిమాన్ జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైంది. 1959లో మొదలై 1996 దాకా వచ్చింది. అంటే 1965లోనూ, 1971లోనూ ఈ లారీలు రోడ్డు మీద ఉన్నాయి. జోంగా కూడా జబల్‌పూర్ బండే. నిస్సాన్ పెట్రోల్ మోడల్ ఆధారంగా చేసిన జీపు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ అనే ఇంగ్లిష్ మాటల్లోంచి తీసిన అక్షరాలే దాని పేరు. ఇక జీపు విషయంలో ముందు జాలీ చూడండి. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్, ఫోర్డ్ మిలటరీ జీపుల్లో చాలావాటికి జాలీలో నిలువు చీలికలు తొమ్మిది, హెడ్‌లైట్లు చిన్నవి, లోపలికి ఉంటాయి. యుద్ధం తర్వాత వచ్చిన సివిల్ జీపులకు చీలికలు ఏడు. మన ఊళ్లలో "వరల్డ్ వార్ జీపు" అని చూపించే వాటిలో నేను లెక్కపెట్టినవి ఎక్కువగా ఏడే. అందులో తప్పేమీ లేదు. దాన్ని 1944 నాటి ఫొటోలా మార్చడమే తప్పు.

కూడళ్లలోనూ కాలేజీ ఆవరణల్లోనూ స్మారకంగా పెట్టే ట్యాంకుల్లో టి-55లు కనిపిస్తుంటాయి. ఒక్కో వైపు ఐదు పెద్ద చక్రాలు, మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య కొంచెం ఎక్కువ ఖాళీ. ఆ ఖాళీ పట్టుకుంటే టి-55ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. పక్కనుంచి తీసేటప్పుడు ఆ ఖాళీ ట్రాక్ వెనక నీడలో కలిసిపోకుండా చూసుకోండి.

ట్యాంకులన్నీ ఒకేచోట చూడాలంటే అహ్మద్‌నగర్ వెళ్లండి. ఇప్పుడు దాని పేరు అహిల్యానగర్. 1994లో పెట్టిన కావల్రీ ట్యాంక్ మ్యూజియం అక్కడుంది. వాలెంటైన్, చర్చిల్, సెంచూరియన్, 1965 యుద్ధంలో పాకిస్తాన్ నుంచి పట్టుకున్న పాటన్, అన్నీ పక్కపక్కన నిలబెట్టి ఉంటాయి. లోపల కెమెరా రూల్స్ గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి.

అనుమతి గురించి ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. కంటోన్మెంటులో తిరిగే, నడుస్తున్న సర్వీసు బండ్ల వైపు కెమెరా ఎత్తొద్దు. గోడ బయటి నుంచి అయినా వద్దు, డ్రోన్ అయితే ఊహలోకి కూడా రానివ్వొద్దు. మన పని రిటైరైన బండ్లతో. ప్రైవేటు ఓనర్లు దొరికితే ఫొటో ప్రింటు ఇస్తానని చెప్పి అడగండి. నన్ను కాదన్నవాళ్లు చాలా తక్కువ.

వెలుతురు

ఆర్మీ పెయింటు మెరవకుండా ఉండటానికే చేసింది. వెలుతురును మింగేస్తుంది. ఫ్రేము నిండా ఆ ముదురు ఆకుపచ్చ ఉంటే కెమెరా మీటర్ మోసపోయి, ఫొటోను అవసరానికి మించి తెల్లగా చేస్తుంది. బండి పాలిపోయి బూడిద పూసినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఆకాశం ఎక్కువ ఫ్రేములోకి వస్తే సున్నాకు తీసుకురండి. రంగుల ఛాయ సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలొద్దు. ఆకుపచ్చ ఎక్కువ కనపడగానే కెమెరా దానికి విరుగుడుగా గులాబీ ఛాయ కలుపుతుంది. డేలైట్‌లో పెట్టి, ర్యాలో (కెమెరా మార్పులు చేయని ఫైలుగా) తీయండి. మిగతాది ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు.

మిట్టమధ్యాహ్నం తీయొద్దు అని అందరూ చెప్తారు. ఈ బండ్ల విషయంలో దానికి కారణం కూడా ఉంది. వీటికి బయటికి పొడుచుకొచ్చిన భాగాలు ఎక్కువ. బంపరు, హుక్కులు, మడ్‌గార్డులు, ట్యాంకైతే చక్రాల మీది పలకలు. నెత్తిమీద ఎండ పడితే వాటి కిందంతా నల్లటి గుంట. చక్రాలు మాయమైపోతాయి. చక్రాలు కనపడని ట్యాంకుకు బరువు ఉండదు. టి-55 బరువు 36 టన్నులు. అది ఫొటోలో తెలియాలంటే ట్రాక్ నేలను ఎలా పట్టుకుందో కనపడాలి. తప్పనిసరిగా మధ్యాహ్నమే తీయాల్సి వస్తే ఇంటి నుంచి తెల్ల దుప్పటి ఒకటి తీసుకెళ్లి బండి ముందు నేలమీద, ఫ్రేముకు బయట పరచండి. థర్మాకోల్ షీటు అయినా సరే. కింది నుంచి కొంచెం వెలుతురు తిరిగి చక్రాల మీద పడుతుంది.

ఇప్పుడు ఆషాఢం. మబ్బు పట్టిన ఆకాశం అంటే ఆకాశమంత పెద్ద సాఫ్ట్‌బాక్సు (స్టూడియోలో వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె). నీడలు మెత్తబడతాయి, పెయింటులోని ఒక్కో పొర విడివిడిగా కనపడుతుంది. చినుకు పడి ఆగిన పది నిమిషాల్లో తీయండి. తడిసిన ఆ రంగు ముదిరి, అంచుల వెంట సన్నటి మెరుపు వస్తుంది. ఎర్రమట్టి నేల కూడా తడిసి రంగు తేలుతుంది. ఎర్రమట్టీ ఆలివ్ గ్రీనూ పక్కపక్కన ఉంటే వేరే అలంకారం అక్కర్లేదు. వాన రాకపోతే బకెట్ నీళ్లతో బండి ముందు నేల తడపండి. బండిని మాత్రం ఓనరును అడగకుండా తడపొద్దు. పాత వైరింగు సంగతి ఆయనకే తెలుస్తుంది. తడి మీద అక్కర్లేని మెరుపు వస్తే పోలరైజర్ ఫిల్టరు తిప్పుకుంటూ చూడండి. అద్దం మీది ఆకాశం పోయి లోపల స్టీరింగ్ కనిపిస్తుంది.

డిసెంబరు, జనవరి పొద్దుటి మంచు ఇంకో వరం. ఆరున్నరకల్లా అక్కడ ఉండండి. సూర్యుడు బండి వెనక వైపు వచ్చేలా నిలబడి, మంచు వెలుగుతుంటే బండి ఆకారం ముద్దలా కనపడేలా తీయండి. శక్తిమాన్‌కు ముందుకు పొడుచుకొచ్చిన బోనెట్, వెనక టార్పాలిన్ గూడు ఉంటాయి కాబట్టి నల్లటి ఆకారంగా కూడా గుర్తుపట్టేస్తారు.

ఎక్కడ నిలబడాలి

బంపరు ఎత్తుకు వంగండి. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత గోనెసంచి పెట్టుకోండి. నిలబడి తీస్తే బండి బొమ్మబండి అవుతుంది. అలాగని నేలకు ఆనించి, 16 ఎంఎం లెన్సుతో మొహంలో మొహం పెట్టి తీస్తే బంపరు ఉబ్బి, వెనకాల లారీ తోకలా సన్నబడుతుంది. నాకు లారీలకు 35, జీపులకు 50, ట్యాంకును దూరం నుంచి పక్కగా తీయడానికి 85 నచ్చుతాయి. మొత్తం బండికి లెన్సు రంధ్రం ఎఫ్/8 (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై, ముందూ వెనకా ఎక్కువ భాగం స్పష్టంగా వస్తుంది), ఫోకస్ దగ్గరున్న హెడ్‌లైటు మీద. వెనక చెట్టూ స్తంభమూ ట్యాంకు గొట్టం చివర నుంచి మొలిచినట్టు కనపడకుండా అర అడుగు పక్కకు జరగండి.

చిన్న వివరాల మీద మాత్రం పెద్ద ఫొటో కంటే ఎక్కువ టైమ్ పెట్టండి. నేను గంట ఉంటే నలభై నిమిషాలు వీటికే. డ్యాష్‌బోర్డు మీది ఇత్తడి పలక, దాని మీద సగం చెరిగిన అక్షరాలు. క్లచ్ పెడల్ రబ్బరు ఒక అంచున అరిగిన తీరు. ఎవరో వెల్డింగు చేసి అతికించిన మడ్‌గార్డు, ఆ అతుకు మీద చీమలు పాకినట్టు గరుకు. మామయ్య లారీ తలుపు లోపలి వైపు మేకుతో గీసిన గీతలున్నాయి, నాలుగు నిలువు, ఒక అడ్డం, అలా మూడు గుంపులు. రోజులు లెక్కపెట్టారా, ట్రిప్పులు లెక్కపెట్టారా? నాన్న "ట్రిప్పులే అయ్యుంటాయి" అన్నారు. అలాంటివి తీయాలంటే చిన్న ఎల్ఈడీ టార్చిని రేకుకు దాదాపు ఆనించి, పక్కనుంచి కొట్టండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గీతలన్నీ చదునైపోతాయి. ఎఫ్/2.8 లేదా ఎఫ్/4, చెయ్యి వణక్కుండా మోచెయ్యి తలుపుకు ఆనించి.

రాత్రి కూడా ఇదే టార్చి పనికొస్తుంది. ట్రైపాడ్, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) 100, ఎఫ్/8, షట్టరు 20 సెకన్లు. నల్ల బట్టలు వేసుకుని బండి చుట్టూ నడుస్తూ అంచుల వెంట వెలుతురు పూయండి. టార్చి లెన్సు వైపు తిరగకూడదు. ఆరేడు సార్లు తీస్తే ఒకటి కుదురుతుంది.

నడుస్తున్న బండి దొరికితే 1/30 షట్టరుతో దాని వెంట కెమెరా తిప్పండి. చక్రాలు తిరుగుతున్నట్టు రావాలి. 1/1000 పెడితే రోడ్డు మధ్యలో పార్కు చేసినట్టుంటుంది.

ఎడిటింగ్‌లో మొదట పసుపు

లైట్‌రూమ్ అయినా, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ అయినా పద్ధతి ఒకటే. ఆలివ్ గ్రీన్ అని పేరేగానీ, సాఫ్ట్‌వేర్ కళ్లకు అది చాలావరకు పసుపు. ఆకుపచ్చ స్లైడరు జరిపి జరిపి "ఏం మారట్లేదే" అని నేను చాలాకాలం బాధపడ్డాను. పసుపు స్లైడరు పట్టుకోండి. సాచురేషన్ (రంగు చిక్కదనం) మైనస్ 15 నుంచి 25, ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) మైనస్ 10 చేస్తే పెయింటుకు ఆ బరువు వస్తుంది. హ్యూ (రంగు ఛాయ) కొంచెమే, అయిదారు పాయింట్లు ఆకుపచ్చ వైపు. చుట్టూ గడ్డి ఉంటే అదీ మారిపోతుంది కాబట్టి మార్పు బండి మీదే పడేలా మాస్కు వేసి మార్చండి. తుప్పు, ఎర్రమట్టి, మనిషి చర్మం ఈ మూడూ నారింజ స్లైడరులో ఉంటాయి. తుప్పు ఎర్రగా మండాలని నారింజ పెంచితే పక్కన నిలబడ్డ ఓనరు మొహం కుంకుమ పూసినట్టవుతుంది. పెళ్లి ఫొటోల్లో ఈ పాఠం నాకు ముందే వచ్చింది.

తర్వాత కర్వు, అంటే నీడలనూ వెలుగులనూ విడివిడిగా జరిపే గీత. నీడల చివరను కొద్దిగా పైకి లేపితే పాత ప్రింటులా నలుపు బూడిదగా మారుతుంది. కొద్దిగా అంటే, ఎడిట్ చేశారని అమ్మకు తెలియనంత. టెక్స్చర్ లోహం మీద మాత్రమే ప్లస్ 15. క్లారిటీని ఫొటో మొత్తానికి పెంచొద్దు, మబ్బులకు కూడా రేకు తొడిగినట్టవుతుంది. మంచులో తీసిన ఫొటోకు డీహేజ్ కొట్టి మంచు తీసేయకండి. నేనైతే వెనక భాగానికి మాస్కు వేసి డీహేజ్ మైనస్ 10 చేస్తాను, మంచు ఇంకాస్త చిక్కబడి బండి ముందుకొస్తుంది. కలర్ గ్రేడింగ్‌లో నీడలకు చల్లటి నీలం-ఆకుపచ్చ, వెలుగులకు లేత పసుపు, రెండూ పదిలోపే. గ్రెయిన్ (ఫిల్మ్ గరుకు) 20. విన్యెట్ (అంచుల చీకటి) మైనస్ 10. ఫోన్లో చేసేవాళ్లు స్నాప్‌సీడ్‌లో కర్వ్స్, సెలెక్టివ్ టూల్స్‌తో దీనికి దగ్గరగా రాగలరు.

మూడ్ కాలాన్ని బట్టి ఉండాలి. 1940ల జీపుకు బ్లాక్ అండ్ వైట్ బాగుంటుంది. అప్పటి ఫొటోలు మన కళ్లలో అలాగే ఉన్నాయి కాబట్టి. బ్లాక్ అండ్ వైట్‌లో కూడా పసుపు స్లైడరే బండి రంగు, నీలం స్లైడరు ఆకాశం. నీలం దించితే మబ్బులు లేచి వస్తాయి. 80ల నాటి శక్తిమాన్‌కు సెపియా పూస్తే నాకు నచ్చదు. నాన్న ఆల్బమ్‌లో ఆ కాలం ఫొటోలు కలర్‌వే. వెలిసిపోయి కొంచెం ఎరుపు తిరిగాయి, అంతే. నీడల్లోకి పిసరంత ఎరుపు, మొత్తం మీద కాంట్రాస్టు మైనస్ 10, అదే నా శక్తిమాన్ ప్రీసెట్ (దాచుకున్న సెట్టింగు).

ఇంకో చిక్కుంది. మన దేశంలో మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. అందుకని ప్రైవేటు చేతిలోకి వచ్చిన జోంగాలు నీలంగానో, ఇటుక రంగుగానో ఉంటాయి. ఎడిటింగ్‌లో ఒక్క స్లైడరుతో మళ్లీ ఆర్మీ రంగు తేవచ్చు. నేను తేను. ఆ నీలం రంగు కూడా ఆ బండి బతుకే. నీలం లేచిపోయిన చోట కింద ఆకుపచ్చ కనపడుతుంటుంది కదా, అక్కడికి దగ్గరగా వెళ్లండి. రెండు జీవితాలూ ఒకే ఫొటోలో వస్తాయి.

ఇక పొగ గురించి. మొదట్లో నేను శక్తిమాన్ ఫొటోకు పొగ, నిప్పురవ్వలు, వెనక నారింజ రంగు ఆకాశం అతికించాను. పొద్దున్నే నాన్నకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బండి కాలుతుంటే లోపల డ్రైవరు ఉంటాడమ్మా" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఫోన్ నా చేతికిచ్చి లేచి వెళ్లిపోయారు. ఆయనతో పనిచేసినవాళ్లలో అలా పోయినవాళ్లు ఉన్నారని అమ్మ తర్వాత చెప్పింది. ఆ ఫైలు ఆ రోజే తీసేశాను. మంట, పేలుడు, లేని తూటా రంధ్రాలు నా ఫొటోల్లోకి మళ్లీ రాలేదు. మీరు కూడా పెట్టొద్దనే అడుగుతాను. ఆకాశం మార్చడం కూడా ఇంతే. హెడ్‌లైటు అద్దంలో తీసిన రోజు ఆకాశం ఉండిపోతుంది, సూర్యుడు ఏ వైపున్నాడో అది చెప్పేస్తుంది.

తీసేయాల్సినవి తీసేయండి, వెనకున్న ప్లాస్టిక్ కప్పు, కరెంటు వైరు, ఎవరో ఆరేసిన తువ్వాలు. సొట్టలు, అతుకులు, తుప్పు ముట్టుకోవద్దు. ఓనరు అడిగితే ఇప్పటి నంబరు ప్లేటును మసక చేయండి.

చివరగా ప్రింటు. నిగనిగలాడే గ్లాసీ కాగితం మీద ఈ బండ్లు బాగుండవు, మ్యాట్ తీసుకోండి. మ్యాట్ మీద నీడలు ఇంకా ముదురుతాయి కాబట్టి ప్రింటుకు పంపే ఫైలులో ఎక్స్‌పోజరు 0.2 పెంచండి.

మామయ్యకు ఇవ్వడానికి 12 ఇంటు 18 సైజులో శక్తిమాన్ ప్రింటు చేయించి ముందు నాన్నకు చూపించాను. కార్ల ఫొటోల్లో చేసినట్టు ముందు చక్రాలు పక్కకు తిప్పించి తీశాను, అలా అయితే చక్రం మొహం కెమెరాకు కనపడుతుందని. "పెరేడ్‌లో నిలబెట్టిన బండికి చక్రాలు నేరుగా ఉంటాయి" అన్నారు. తర్వాతి ఆదివారం ఆయన్నీ తీసుకుని మళ్లీ తోటకు వెళ్లాను. స్టీరింగ్ ఆయనే తిప్పారు. ఆగి ఉన్న శక్తిమాన్ స్టీరింగ్ తిప్పడం డెబ్బై దాటిన మనిషికి తేలిక కాదు, రెండు నిమిషాలు పట్టింది. చక్రాలు నేరుగా అయ్యాక కూడా దిగలేదు. నేను పోలరైజర్ తిప్పి అద్దం మీది మబ్బులు పోగొట్టి, 50 ఎంఎం, ఎఫ్/4, 1/125లో మూడు ఫొటోలు తీశాను. మూడింటిలోనూ ఆయన కుడిచెయ్యి ఆ బూడిద రంగు మరక మీదే ఉంది, ఎడమది గేర్ రాడ్ మీద.